దూరము పెరిగినపుడు

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన సామెత. ఎస్. రాయవరము మండలపు పల్లెలలో తెల్లవారుజామున పరుగెత్తు యువకులతో ఈ మాట అనినచో వారు నవ్వి ఊరకుందురు. నిలబడినవారికి నీళ్లు పోయువారు ఈ కాలమున ఎవరు? జాతీయ రహదారిమీది అడ్డరోడ్డు మొదలుకొని సముద్రపు ఒడ్డున ఉన్న రేవుపోలవరము దాక కోడికూతతోపాటు అడుగుల చప్పుడు కూడ వినబడుచున్నది. గురజాడ అప్పారావుగారు 1862లో కన్ను తెరచిన ఊరు ఎస్. రాయవరము, లక్కబొమ్మల ఏటికొప్పాక ఈ మండలములోనిదే. ఆ ప్రసిద్ధుల ముచ్చట మరొకనాడు. నేడు ఆ రోడ్లమీద పరుగెత్తు పిల్లల కొరకు నాలుగు మాటలు చెప్పదలచితిమి. వారిని వేకువను లేపి పంపు తల్లిదండ్రులు కూడ వినవలెనని మా కోరిక.

ఈ పిల్లలు పతకముల కొరకు పరుగెత్తుటలేదు. మన రాష్ట్రమున 2022లో ప్రకటించిన పోలీసు కానిస్టేబులు నియామకములందు పురుషులు 1600 మీటర్లను 8 నిమిషములలోను, స్త్రీలు పదిన్నర నిమిషములలోను పూర్తి చేయవలెనని నియమము. సైన్యములో అగ్నివీరులుగా చేరగోరువారు అదే 1600 మీటర్లను 5 నిమిషముల 30 సెకండ్లలో ముగించినచో 60 మార్కులు. ఒక్క సెకండు మీరినచో 48. కేంద్ర సాయుధ దళములకు పోవువారు 5 కిలోమీటర్లను 24 నిమిషములలో పరుగెత్తవలెను. ఒకే ఇంటి పిల్లవాడు ఈ మూడింటికి దరఖాస్తు పెట్టుచున్నాడు. బడిలో 800 మీటర్ల పందెమున మొదటివాడుగా వచ్చినవాడు 1600కు, 1600 బాగుగా వచ్చినవాడు 5 కిలోమీటర్లకు మారవలసివచ్చుచున్నది. ఇట్లు దూరము పెరిగినపుడు వేగమును ఎట్లు పంచుకొనవలెను? ఈనాటి మా విషయము ఇంతమాత్రమే.

దూరము పెరుగుట యనగా పాత పరుగునే మరికొంతసేపు సాగదీయుట అని చాలమంది తలంపు. అది కాదని చెప్పుటకు పొరుగు తెలుగు రాష్ట్రమున జరిగిన మార్పే ఉదాహరణము. తెలంగాణమున 2018 నియామకములలో పురుషులకు 800 మీటర్ల పరుగు. గడువు 170 సెకండ్లు. 2022లో దానిని 1600 మీటర్లు చేసి, 7 నిమిషముల 15 సెకండ్ల గడువు పెట్టిరి. 400 మీటర్ల చుట్టుగా లెక్కవేసి చూడుడు. పాత పరీక్షకు చుట్టు ఒక్కింటికి 85 సెకండ్లు. క్రొత్త పరీక్షకు సుమారు 109 సెకండ్లు. అనగా పాత పరీక్షకు సిద్ధపడియున్న యువకుని కాళ్లు చుట్టుకు 24 సెకండ్ల తొందరకు అలవాటుపడియున్నవి. అతడు క్రొత్త పరీక్షలో ఈల వినగానే ఆ అలవాటు చొప్పుననే దూకును. మొదటి చుట్టు 85, రెండవది 100. సగము దూరమునకు 185 సెకండ్లు అయినవి. ఇక రెండు చుట్లకు 250 సెకండ్లు మిగిలియున్నవి. కాగితముమీద ఇది చక్కని లాభమే. కాని మూడవ చుట్టున తొడలు బిగిసి, ఊపిరి అందక, అతడు నడకకు దిగినచో, నడకలో ఒక చుట్టు తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. ముందు కూడబెట్టినది సుమారు 33 సెకండ్లు. వెనుక పోవునది రెండు నిమిషములకు పైన. స్త్రీల విషయమున ఈ మార్పు ఇంకను పెద్దది. 2018లో 100 మీటర్లు పరుగెత్తినచోట 2022లో 800 మీటర్లు వచ్చినవి. 100 మీటర్ల పరుగున సర్వశక్తులు ఒడ్డవలెను. 800 మీటర్లలో మొదటి నూరు మీటర్లు ఆ విధముగా పరుగెత్తిన అమ్మాయి తక్కిన ఏడునూరులు ఏడ్చుచు పోవలసినదే.

శరీరము ఇట్లేల చేయును? పరుగు ఆరంభించిన క్షణముననే గుండెయు ఊపిరితిత్తులును పూర్తి పనిలోనికి రావు. కండరములకు చాలినంత ప్రాణవాయువు అందుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును. అంతవరకు కండరములు ఉన్న నిలువను అప్పుగా వాడుకొనును. అప్పు మితముగా నున్నంతవరకు చిక్కులేదు. తొందర హెచ్చిన కొలది అప్పు హెచ్చును. కండరములలో ఆమ్లత పెరిగి అవి ముడుచుకొనుటకు మొరాయించును. మంచి శిక్షణ పొందినవాడు 800 మీటర్లు పరుగెత్తునపుడు కావలసిన శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే ప్రాణవాయువు మూలమున వచ్చును, తక్కినది అప్పు. 1500 మీటర్లకు వచ్చునప్పటికి ఐదింట నాలుగు వంతులకు పైగా ప్రాణవాయువు మూలముననే రావలెను. 5 కిలోమీటర్లలో అప్పుకు చోటు మరియు తక్కువ. కావుననే దూరము మారినపుడు వేగపు పంపకము కూడ మారవలసియున్నది.

ప్రపంచ ప్రసిద్ధుల పరుగులలో కూడ ఇదే కనబడును. 2012లో లండన్ ఒలింపిక్సున కెన్యా దేశీయుడు డేవిడ్ రుదీషా 800 మీటర్లను 1 నిమిషము 40.91 సెకండ్లలో పరుగెత్తెను. మొదటి చుట్టు 49.28, రెండవది 51.63. మొదట ఎక్కువ తొందర, పిమ్మట కొంచెము తగ్గుదల: 800 మీటర్లకు ఇది తప్పు కాదు; మేటి పరుగులు పెక్కు ఇట్లే సాగినవి. ఆ దూరము దాటినపిదప ఈ లెక్క చెల్లదు. 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డున రోజర్ బానిస్టర్ మైలు దూరమును మొదటిసారి నాలుగు నిమిషములకు లోపల ముగించెను. 1600 మీటర్ల పరుగు మైలుకు ఇంచుమించు తోబుట్టువు. ఆయన నాలుగు చుట్లు వరుసగా 57.5, 60.7, 62.3, 58.9 సెకండ్లు. అన్నిటికంటె త్వరగా తిరిగిన చుట్టునకు, అన్నిటికంటె మెల్లగా తిరిగిన చుట్టునకు మధ్య ఐదు సెకండ్ల తేడా కూడ లేదు. మెల్లగా తిరిగినది మూడవ చుట్టు అని గమనింపుడు. ఆరంభపు ఉత్సాహము చల్లారి, ముగింపు ఇంకను కంటికి కనబడని ఆ మూడవ చుట్టే 1600 మీటర్లకు అసలు పరీక్ష.

ఆ నాటి పరుగులో మాకు మిక్కిలి నచ్చిన సంగతి వేరొకటి. మొదటి చుట్టున బానిస్టరునకు ముందు నడచి వేగము చూపువాడు క్రిస్ బ్రాషర్. ఆ చుట్టున బానిస్టరునకు ఒడలంతయు తేలికగా తోచెను. మెల్లగా పోవుచున్నామని భ్రమపడి, ఇంకను త్వరగా పొమ్మని వెనుకనుండి కేక వేసెను. బ్రాషర్ ఆ కేకకు లొంగలేదు. తన వేగమున తాను పోయెను. ఆ చుట్టు చాలినంత వేగముగనే నడచినదని గడియారము తేల్చినది. అంతటి వైద్యవిద్యార్థికి, అంత అనుభవశాలికి మొదటి చుట్టున తన వేగము తనకు తెలియలేదు. రాయవరపు కుర్రవానికి తెలియకపోవుటలో వింతయేమున్నది?

వేగము తెలియకపోవుట ఒక ఎత్తు. పరువు మరియొక ఎత్తు. పరీక్షా మైదానమున ఒక్కసారి అనేకులను వదలుదురు. ఈల మ్రోగగానే సగముమంది బాణములవలె పోవుదురు. చుట్టును నియమిత వేగమున తిరుగదలచినవాడు మొదటి నూరు మీటర్లలోనే వెనుకబడును. ఊరివాడు, పాత పోటీదారు, కోచింగు కేంద్రమున ప్రక్క మంచమువాడు ముందు పోవుచుండగా చూచి ఓర్చుకొనుట అంత తేలిక కాదు. కంచె బయట నిలచిన మేనమామ 'అందుకోరా' అని అరచుచుండును. మా అభిప్రాయమున దూరము పెంచుకొనువాడు నేర్వవలసిన విద్యలలో మొదటిది ఈ ఓర్పే. కాళ్లకు నేర్పుట సులభము. వెనుకబడియుండి సిగ్గుపడకుండుట కష్టము. మొదటి చుట్టు ముగియునప్పటికి మీ ముందు ఇరువదిమంది ఉన్నను, మీ గడియారము మీరు అనుకొన్న అంకె చూపుచున్నచో మీరు వెనుకబడలేదు. వారే ముందుగా అప్పు చేసిరి. మూడవ చుట్టున వారిలో చాలమంది మీకు ఎదురు వచ్చినట్లే కనబడుదురు.

మేము గడియారముతో కాపురము చేయువారము. అందుచే ఒక ఉపమానము చెప్పనిండు. ఐదు నిమిషముల ప్రసంగములకు అలవాటుపడినవారు మొదటిసారి పదునైదు నిమిషముల ప్రసంగము చదువుటకు వచ్చినపుడు, మొదటి రెండు పుటలను గుక్క తిప్పుకొనక చదివి, నడుమ గొంతు ఆరి, దగ్గుచు ముగించుట మైక్రోఫోనుముందు తరచుగా జరుగు సంగతియే. వారికి చదువుట రాక కాదు. పదునైదు నిమిషముల కొలత వారి గొంతునకు ఇంకను తెలియదు, అంతే.

క్రొత్త దూరపు కొలత తెలియకపోవుట మహామహులకు కూడ కలుగునదే. 1952 హెల్సింకి ఒలింపిక్సున చెకోస్లొవాకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ 10,000 మీటర్లు, 5,000 మీటర్లు గెలిచి, అంతకుముందెన్నడును పరుగెత్తని మారథానులో దిగెను. ఆ ఏడాదియే 2 గంటల 20 నిమిషముల 42 సెకండ్లలో మారథాను ముగించి ప్రపంచమునకు మేటియైన ఆంగ్లేయుడు జిమ్ పీటర్స్ తొందరగా ముందునకు సాగెను. జాటోపెక్ అతని ప్రక్కకు చేరి, ఈ వేగము సరియైనదేనా అని అడిగెననియు, అతనిని తికమక పెట్టదలచి పీటర్స్ ఇది చాల మెల్లన అని బదులుచెప్పెననియు ప్రసిద్ధి. 32 కిలోమీటర్లయినపిదప పీటర్స్ కాళ్లు పట్టుకొనిపోయి ఆగిపోయెను. జాటోపెక్ 2 గంటల 23 నిమిషముల 3 సెకండ్లలో గెలిచెను. కొలత తెలియనివాడు తెలిసినవాని ప్రక్కన పరుగెత్తుట మంచి ఉపాయమే. ఆ తెలిసినవాడు ఆనాడు తన కొలత తాను పాటించుచున్నాడా అనునది మాత్రము చూచుకొనవలెను.

కొలతను రాయవరములోనే నేర్వవచ్చును. సింథటిక్ ట్రాకు అక్కరలేదు. కిలోమీటరు రాళ్లనడుమ 2, 4, 6, 8 అంకెలు గల చిన్నరాళ్లు నాటిన రోడ్లు కలవు. ఒక రాతినుండి మరొక రాతికి 200 మీటర్లు. 1600 మీటర్లను 8 నిమిషములలో ముగించుటకు రాతికి రాతికి సరిగా ఒక నిమిషము. స్త్రీలకు పదిన్నర నిమిషముల గడువునకు 79 సెకండ్లకు కొంచెము తక్కువ. సైన్యపు ఐదున్నర నిమిషములకు 41 సెకండ్లు. రాళ్లు లేనిచోట సైకిలు చక్రమునకు గుడ్డపీలిక కట్టి, చక్రము ఒక్కసారి తిరిగినపుడు ఎంత దూరము పోవునో టేపుతో కొలిచి, ఎన్ని చుట్లకు 200 మీటర్లగునో లెక్కించి, చెట్టునకు సున్నపు గీత గీయుడు. లారీలు తిరుగు జాతీయ రహదారిమీద మాత్రము ఈ అభ్యాసము వలదు; పల్లెరోడ్డు చాలును. మొదటి వారము గడియారము చూచుచు పరుగెత్తుడు. రెండవ వారము గడియారమును స్నేహితుని చేతికిచ్చి, గీత చేరినపుడు ఎన్ని సెకండ్లయినదో మీరే ఊహించి చెప్పుడు. ఊహకు, గడియారమునకు రెండు సెకండ్లకంటె తేడా లేనినాడు మీకు వేగము తెలిసినట్లు.

ఈ రాళ్ల లెక్కలోనే మరొక చిక్కు బయటపడును. 5 కిలోమీటర్లకు 25 రాళ్లు. 24 నిమిషములలో ముగించుటకు రాతికి 57.6 సెకండ్లు. చూచితిరా? పోలీసు పరీక్షకు చిన్నదూరమైనను రాతికి నిమిషము. కేంద్రదళముల పరీక్షకు మూడింతల దూరమునకు అంతకంటె తక్కువ! 8 నిమిషములకు బొటాబొటిగా 1600 మీటర్లు ముగించువాడు ఆ వేగమునే కడదాక నిలుపుకొనగలిగినను 5 కిలోమీటర్లకు 25 నిమిషములు పట్టును. ఒక్క నిమిషములో ఉద్యోగము తప్పును. కావున 1600ను ఆరున్నర ఏడు నిమిషములలో సుఖముగా ముగించు శక్తి వచ్చినపిదపనే 5 కిలోమీటర్లను తలపెట్టవలెను. ఆ శక్తి వేగముగా పరుగెత్తుటవలననే రాదు. న్యూజీలాండు గురువు ఆర్థర్ లిడియార్డ్ 800 మీటర్ల పరుగువాడైన పీటర్ స్నెల్ చేత వారమునకు నూరుమైళ్ల వరకు పరుగెత్తించెను. స్నెల్ 1960లో రోమున 800 మీటర్లు గెలిచి, 1964లో టోక్యోలో 800తోపాటు 1500 మీటర్లను కూడ గెలిచెను. మన పిల్లలకు నూరుమైళ్లు వలదు. వారమునకొకసారి, ప్రక్కవానితో మాటలాడుచు పోగల మెల్లని పరుగు 8 కిలోమీటర్లతో ఆరంభించి కొద్దికొద్దిగా పెంచిన చాలును. మరొక రోజున కోరిన వేగమున 400 మీటర్ల చొప్పున ఆరు పరుగులు, నడుమ రెండేసి నిమిషముల విరామము. తక్కిన రోజులు తేలిక పరుగు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. రేవుపోలవరపు ఇసుకలో పరుగెత్తుట దమ్మునకు మంచిదే. కాని ఇసుకమీది వేగము రోడ్డుమీది వేగమునకు కొలత కాదు. మెత్తని ఇసుక పిక్కలను, మడమ నరములను లాగును గనుక వారమునకు ఒకసారికి మించవలదు.

మైదానమున పాటింపదగిన ఉపాయములు కొన్ని. నాలుగడుగులు వెలుపలగా తిరిగినవానికి చుట్టుకు సుమారు ఏడున్నర మీటర్లు అధికమగును. నాలుగు చుట్లకు ముప్పది మీటర్లు. సైన్యపు వేగమున ఇది ఆరు సెకండ్లు. 60 మార్కులకు, 48 మార్కులకు నడుమ ఒక్క సెకండే అని మరువకుడు. కావున వీలయినంత లోపలి అంచును పట్టుకొనుడు. ముందువానిని దాటవలసినపుడు మలుపులో దాటక తిన్నని భాగమున దాటుడు. ఎదురుగాలి వచ్చువైపున ఒకరి వెనుక నడచినచో శ్రమ తగ్గును. ముగింపు దూకుడునకు 1600లో చివరి 200 మీటర్లు చాలును. 800 మీటర్లనుండి వచ్చినవానికి ఈ దూకుడే పుట్టింటి సొమ్ము. దానిని చివరివరకు దాచుకొనవలెను. 5 కిలోమీటర్లలో నాలుగవ కిలోమీటరు వరకు దానిని తలపరాదు.

పెద్ద దూరములలో రెండవ సగమును మొదటిదానికంటె త్వరగా ముగించుట ఉత్తమ పద్ధతులలో ఒకటి. ఎలియుడ్ కిప్చోగె 2003లో పారిస్‌లో 5000 మీటర్ల ప్రపంచ విజేత. 2012 లండన్ ఒలింపిక్సునకు తన దేశపు జట్టులో చోటు దొరకక, 2013లో హాంబర్గున మారథానునకు మారెను. 2018లో బెర్లినున 2 గంటల 1 నిమిషము 39 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినపుడు ఆయన మొదటి సగము 61 నిమిషముల 6 సెకండ్లు, రెండవ సగము 60 నిమిషముల 33 సెకండ్లు. చిన్నదూరమున తలుపు మూసినప్పుడు ఆయన తన పరుగును క్రొత్తగా నేర్చుకొనెను.

ఒక సంగతి కొంత కటువుగా చెప్పవలసియున్నది. 2024 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఝార్ఖండ్ రాష్ట్రమున ఎక్సైజు కానిస్టేబులు నియామకములకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టగా పదిమందికి పైగా యువకులు ప్రాణములు కోల్పోయిరి. దూరము పెరిగినపుడు ఎండయు ఉక్కయు ప్రతి కిలోమీటరునకు బలమెక్కును. మన సముద్రతీరమున గాలిలో తేమ అధికము. చెమట కారునే గాని ఆరదు, ఆరనిదే ఒడలు చల్లబడదు. అట్టి దినమున గడియారము చెప్పిన వేగమును కొంత తగ్గించుకొనుట పిరికితనము కాదు. పరుగెత్తువాడు తూలినను, పొంతనలేని మాటలాడినను, వెంటనే ఆపి నీడకు చేర్చి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి, విసరుచు, ఆసుపత్రికి తరలింపవలెను. ఒక్క అంగలో పూర్తిచేయనిండని చుట్టునున్నవారు అరచుట మహాపాపము. శక్తి వచ్చునని ఎవరో ఇచ్చు బిళ్లలు, సూదిమందులు ఇంటి గడప దాటి లోనికి రానీయకుడు. జ్వరము తగిలి లేచిన వారము పరుగెత్తనీయకుడు. ఇది తల్లిదండ్రుల పని.

వారు చేయవలసిన పని ఇంకొకటి కూడ ఉన్నది. మన రాష్ట్రమున 2022లో ప్రకటించిన కానిస్టేబులు ఉద్యోగములకు ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో జరిగినది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర మొదలైనవి. ఇంచుమించు రెండేండ్లు! ఈ రెండేండ్లును పిల్లవాడు పరుగు మానరాదు, వయసు ఆగదు, ఇంటి ఖర్చులు ఆగవు. పరీక్ష రేపే అన్నట్లు ప్రతిదినము ప్రాణము పెట్టి పరుగెత్తినవాడు ఆరునెలలలో మోకాలో, మడమయో చెడగొట్టుకొనును. తేదీ తెలియనంతకాలము వారమునకు నాలుగు రోజులు తేలిక పరుగుతో దమ్ము నిలుపుకొని, తేదీ ప్రకటించినపిదప ఎనిమిది వారములు వేగము మీద దృష్టి పెట్టుట మేలు. ఆ నడుమ పొలము పనికో, కూలికో పోయిన దినమున పరుగు తప్పినచో ఇంటిలో ఎవరును దెప్పవలదు. మళ్లలో వంగి లేచిన దినము కాళ్లకు సెలవుదినము కాదు.

పరుగునకు ముందు ఏమి తినవలెనని పలువురు అడుగుచుందురు. రాత్రి అలవాటైన అన్నమే, కొంచెము పెందలకడ. ఉదయము పరుగునకు రెండు గంటలు ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో. మంచినీళ్లు గుక్కెడు గుక్కెడుగా. క్రొత్త బూట్లు ఆనాడు తొడుగవలదు. పిలుపు ఉత్తరమున ఉన్న మైదానమును ముందురోజు సాయంత్రమే పోయి ఒకసారి నడచి చూచి, ఏ మలుపున ఎదురుగాలి వీచునో, లోపలి అంచున గులకరాళ్లున్నవో లేవో కనుగొని వచ్చి, తొమ్మిదింటికే పండుకొనుడు.